దీప బుద్ధిగా ఉన్న ఇరవై రోజులు

అక్టోబర్ 27, సోమవారం

శ్వేత మేడం రాయమన్న నోట్‌బుక్కు వేరే ఉంది. దత్తత ఆఫీసు నుంచి ఆమె వచ్చినప్పుడల్లా దాన్ని తెరిచి చూస్తుంది. పాప ఏం తిన్నది, ఎంతసేపు పడుకున్నది, ఎవరితో ఆడుకున్నది, అన్నీ అందులో ఉండాలి. అందులో నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. "పాప బాగుంది. అందరితో కలిసిపోతోంది." ఈ డైరీ మాత్రం ఎవరికీ చూపించేది కాదు. ఇందులోనైనా నిజం రాస్తానో లేదో చూడాలి.

దీప అనాథ పిల్లల హాస్టల్ నుంచి మా ఇంటికి వచ్చి నేటికి నలభై ఒక్క రోజులు. ఐదేళ్ళ పిల్ల. అందరినీ అమ్మా అంటుంది. పాల ప్యాకెట్లు అమ్మే ఆమెను అమ్మా అంది. బస్సులో కండక్టరమ్మను అమ్మా అని ఒళ్ళో కూర్చోబోయింది. నన్ను మాత్రం ఏమీ అనదు. ఏదైనా కావాలంటే కొంగు పట్టి గుంజుతుంది, అంతే.

పన్నెండేళ్ళుగా నర్మెట్ట దవాఖానలో ఏఎన్‌ఎంను. ఎంతమంది తల్లులకు ఓపిక పట్టాలమ్మా అని చెప్పానో లెక్కలేదు. చెప్పడానికేం, నోరుంటే చాలు.

అక్టోబర్ 29

దిండు గలీబులో అన్నం. ఎన్నాళ్ళదో, ఉండలు కట్టి, వాసన కొడుతోంది. గలీబంతా చీమలు.

ఎందుకు దాచావంటే మాట్లాడదు. ఇంట్లో అన్నం ఎప్పుడూ ఉంటుంది బిడ్డా అంటే తలాడిస్తుంది. తలాడించిన పూటే మళ్ళీ దాస్తుంది.

నవంబర్ 1, శనివారం

ఆయన భూపాలపల్లి నుంచి వచ్చాడు. అక్కడ బొగ్గుబాయిలో డ్యూటీ, వారానికి ఒక్కరోజు జనగామలో మా దగ్గర. వచ్చీరాగానే దీపను బండి మీద ఎక్కించుకుని స్టేషన్ దాకా తిప్పుకొచ్చాడు. ఇద్దరూ ఐస్‌క్రీం మూతులతో దిగారు. నువ్వే ఉత్తగ పరేషాన్ అవుతున్నావు నీరజా, పిల్ల మంచిగనే ఉంది కదా అన్నాడు.

వారానికి ఒకరోజు తల్లినైతే నేనూ బంగారమే.

నవంబర్ 4

రాయకుండా ఉండాలనుకున్నాను.

సాయంత్రం ఎదురింటి టీచరమ్మ దీప చేయి పట్టుకుని మా గేటు తీసింది. రెండో చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పప్పన్నం. దీప వాళ్ళింటికి పోయి, అమ్మా మా ఇంట్ల బువ్వ పెడ్తలేరు అని చెప్పిందట. టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పళ్ళెం మెల్లగా అరుగు మీద పెట్టి, పిల్లలు గిట్లనే అంటరు లెండి అని వెళ్ళిపోయింది. పొద్దున రెండు దోసెలు, మధ్యాహ్నం గుడ్డు కూర, బడి నుంచి రాగానే అరటిపండు. ఇవన్నీ వాకిట్లో నిలబడి అరిచి చెప్పనా? తల కొట్టేసినట్టయింది.

తలుపు వేసి దీపను కొట్టాను. రెండు దెబ్బలు అని రాద్దామనుకున్నాను. మూడు. ఆమె ఏడవలేదు. కొట్టిన ప్రతిసారీ నా ముఖంలోకి చూసింది, ఇంకా ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి.

నవంబర్ 5

శ్వేత మేడం నోట్‌బుక్కులో ఇవాళ: "పాప ఇరుగుపొరుగుతో చనువుగా ఉంటోంది."

నవంబర్ 6

దత్తత ఖాయం చేసే కలెక్టర్ ఆర్డర్ ఇంకా రాలేదు. ఆర్డర్ వచ్చేలోపు మా వల్ల కాదనుకుంటే పాపను తిరిగి అప్పగించవచ్చని శ్వేత మేడం మొదటి రోజే చెప్పింది. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. పిల్లలేమన్నా కూరగాయలా, పుచ్చు ఉంటే వాపసు ఇవ్వడానికి అని ఆయన దగ్గర ఎగిరాను కూడా.

ఇవాళ పాపను తిరిగి తీసుకొమ్మని ఉత్తరం నేనే రాశాను. "మా కుటుంబ పరిస్థితుల దృష్ట్యా" అని మొదలుపెట్టాను. కుటుంబ పరిస్థితులు అంటే నేనే. బీరువాలో చీరల కింద పెట్టాను. ఆయనకు చెప్పలేదు.

సాయంత్రం అత్తమ్మ పిలిచి కూర్చోబెట్టింది. అత్తమ్మకు ఉత్తరం సంగతి తెలియదు, కానీ నా ముఖం తెలుసు. "పుట్టెంటికలు తియ్యలేదు గదనే. అందుకే పిల్ల ఇంకా పరాయిలెక్క తిరుగుతున్నది. కురవి వీరన్న కాడ తీపిద్దాం. మన పిల్లయితది" అంది. వచ్చినప్పుడే నెత్తి మీద వేలెడు వెంట్రుక లేదు, హాస్టల్లో పేలకు తీసి ఉంటారు అన్నాను. దవాఖానల్లో, హాస్టళ్ళలో తీసింది లెక్కకు రాదట, దేవుడి దగ్గర మేనమామ ఒళ్ళో తీస్తేనే లెక్కట. ఐదో ఏడు, బేసి సంవత్సరం, కార్తీకం, అన్నీ కుదిరాయంది.

మేనమామ అంటే మా తమ్ముడు ఐలేశ్. దీప వచ్చి ఇన్ని రోజులైనా పాలకుర్తి నుంచి ఒక్కసారి తొంగి చూడలేదు. ఎవరి రక్తమో ఏమో అక్కా అన్నాడు ఫోన్లో. ఇవాళ పుట్టువెంట్రుకల మాట చెప్పేసరికి, మేనమామను నేనే గదా, వస్త అన్నాడు. అంతే, నేను కూడా సరే అన్నాను. నా వాళ్ళు నా పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చూడాలని ఉంది.

నవంబర్ 9, ఆదివారం

కురవి పోయి వచ్చాం. రైల్లో మానుకోట, అక్కడి నుంచి ఆటో. మానుకోట స్టేషన్లో దిగగానే దీప నా చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టేసుకుంది. ఆమె ఉన్న హాస్టల్ ఆ ఊళ్ళోనే. గుర్తుపట్టింది కాబోలు, జనాన్ని చూసి జంకింది కాబోలు అనుకున్నాను. కాబోలు అనుకుని ఆటో మాట్లాడాను.

ఐలేశ్ కొత్త గౌను తెచ్చాడు. కళ్యాణకట్ట దగ్గర ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రా బిడ్డా మామ దగ్గరికి అన్నాడు. ఆ మాటకే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఏ గొడవా లేకుండా కూర్చుంది. కత్తి చూసేదాకా.

ఆ కేక దీపదేనని ముందు నాకు తెలియలేదు. యాభై నాలుగు రోజులుగా నా ఇంట్లో ఉన్న పిల్లకు అంత గొంతు ఉందని తెలియదు. ఐలేశ్ పట్టలేకపోయాడు. కత్తి తగులుతుందమ్మా, గట్టిగా పట్టండి అన్నాడు మంగలాయన. ఆయన తప్పేం లేదు. నేను పట్టుకున్నాను. సూది వేసేటప్పుడు పిల్లల చేతులు ఎట్లా పట్టాలో, మోకాళ్ళ మధ్య కాళ్ళు ఎట్లా ఇరికించాలో పన్నెండేళ్ళుగా నాకు వచ్చిన పనే. ఒక్క గాటు పడకుండా పట్టాను. నడినెత్తి దాటేసరికి ఆమె ఒళ్ళంతా ఒక్కసారి వదులైపోయింది. కేకలు ఆగిపోయాయి. చూసినవా, దేవుడు చల్లబరిచిండు అంది అత్తమ్మ.

గంధం పూశాం. ఫోటో తీశాం. అందరూ నవ్వుతున్నారు అందులో, దీప తప్ప.

నవంబర్ 11

దిండులో ఏమీ లేదు. మంచం కింద ఏమీ లేదు. బీరువా వెనక కూడా చూశాను. ఏమీ లేదు!

నవంబర్ 13

బడికి ఏడవకుండా పోతోంది. పెట్టినంత తింటోంది. తిను అంటే తింటుంది, చాలు అంటే ఆపుతుంది. స్కూల్ మిస్ ఫోన్ చేసి, ఏం చేశారండీ, పాప ఇంత మారిపోయింది అని అడిగింది. నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు దాచాలి, అనిపించింది.

అత్తమ్మ వాడంతా చెప్పేసింది, వీరన్న మహిమ అని. నేను కూడా అవునన్నాను.

నవంబర్ 16

ఆయన నిన్న వచ్చి ఇవాళ పోయాడు. బండి ఎక్కుతావా అంటే సరే అని ఎక్కిందట. దిగు అంటే దిగిందట. ఐస్‌క్రీం కొనిస్తే చేతిలో పట్టుకునే ఉందట, కరిగి మోచేతి దాకా కారినా. చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. అదీ ఒక తప్పేనా, పిల్ల నెమ్మదిగా ఉంటే కూడా తప్పేనా అని నేనే విసుక్కున్నాను.

నవంబర్ 18

ఎవరినీ అమ్మా అనడం లేదు. టీచరమ్మ ఎదురైతే పక్క నుంచి పోయింది. బతికించింది నన్ను.

నవంబర్ 20

బట్టలు తనే మడతపెట్టుకుంటోంది. గౌన్లన్నీ మంచం చివర ఒక పక్కకు పేర్చి పెట్టుకుంది. నేను నేర్పలేదు. ఐదేళ్ళ పిల్ల!

నవంబర్ 21

శ్వేత మేడం ఫోన్. అంతా చెప్పాను. అల్లరి చేస్తలేదా అంది. అస్సలు లేదు మేడం అన్నాను. నవ్వుతుందా అని అడిగింది. నవ్వుతుంది మేడం అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఎప్పుడు నవ్వింది అని ఆలోచించాను. నాకు వంట పని ఉండింది, లేచాను.

నవంబర్ 24

బీరువాలో ఉత్తరం తీసి చించేశాను. ఇక దాని అవసరం లేదు. ఇంత మంచి పిల్లను ఎవరు వదులుకుంటారు?

నవంబర్ 26

వాకిట్లో ఏ బండి ఆగినా దీప చెప్పులేసుకుని అరుగు మీదికి వచ్చి నిలబడుతోంది. గ్యాస్ బండి అయినా, కొరియర్ అయినా. వచ్చినవాళ్ళకు ఎదురుపోవడం నేర్చుకుంది, మంచి మర్యాద అని అత్తమ్మ మురిసిపోయింది.

నవంబర్ 28

బడివాళ్ళు టీకాల కార్డు అడిగారు. పాత కార్డు హాస్టల్లోనే ఉండిపోయింది. రేపు సెలవు పెట్టి మానుకోట పోతాను. దీపను కూడా తీసుకుపోతాను. ఎట్లాంటి పిల్ల ఎట్లా తయారైందో వాళ్ళు కూడా చూడాలి. రేపు నువ్వున్న హాస్టల్‌కు పోదాం అని చెప్పాను. సరే అంది.

నవంబర్ 29, శనివారం

వరుసగా రాస్తాను. లేకపోతే మధ్యలో ఏదో ఒకటి తప్పించి రాస్తాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున నేను లేచేసరికి ఆమె స్నానం చేసి గౌను వేసుకుని కూర్చుంది. పక్కన బడి సంచి. పుస్తకాలు బయట పెట్టేసి అందులో బట్టలు సర్దింది. ఒక్కరోజుకు ఇన్ని బట్టలెందుకే అని నవ్వాను. అవును, నవ్వాను. అత్తమ్మ టిఫిన్ పెడితే తిని, పళ్ళెం కడిగి బోర్లించింది. రైల్లో కిటికీ పక్కన కూర్చోబెడితే మానుకోట దాకా సంచి ఒళ్ళోంచి దించలేదు.

హాస్టల్ గేటు దాటగానే నా చేయి వదిలేసింది. వరండాలో ఆయా గోరీ పిల్లలకు తలలు దువ్వుతోంది. దీప నేరుగా ఆమె దగ్గరికి పోయి సంచి కింద పెట్టి, వాళ్ళ తండా భాషలో ఏదో అడిగింది. గోరీ దువ్వెన పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. ఏమంటోంది అని అడిగాను. నా పళ్ళెం ఉన్నదా, ఎవరికన్నా ఇచ్చిన్రా అని అడుగుతోందట.

నాకింకా అర్థం కాలేదు. సిగ్గులేనిదాన్ని, ఇంకా అర్థం కాలేదు. రా దీపా, హాస్టల్ మేడంకు దండం పెట్టు అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. ఇన్ని రోజుల్లో నాతో తనంతట తాను అన్న మొదటి మాట అది.

"నువ్వు పో. నేను ఏడ్వ."

గోరీ నన్ను పక్కకు తీసుకుపోయింది. వాపస్ ఇయ్యనీకి తెచ్చిన్రా అమ్మా అని అడిగింది. కాదు కాదు, కార్డు కోసం వచ్చాను అన్నాను. మరి గుండెందుకు కొట్టిచ్చిన్రు అంది. కురవి, పుట్టువెంట్రుకలు, మేనమామ అని ఏదేదో చెప్పాను. ఆమె వింటూ దీప గుండు వైపే చూసింది.

"గా పిల్లకు గుండంటే పంపుడేనమ్మా. వాళ్ళమ్మ సచ్చిపోయినంక భూపాలపల్లి దవాఖానల కొట్టిన్రు, నాలుగొద్దులకు ఆడి హాస్టల్‌కు పంపిన్రు. ఆడ గజ్జి లేసిందని కొట్టిన్రు, మా తానకు పంపిన్రు. మీ కాడికి వచ్చే ముంగట పేన్లని నేనే కొట్టిన. గిది నాలుగోసారి."

ఇరవై రోజులు. చెప్పులు, మడత పెట్టిన గౌన్లు, వాకిట్లో ఆగిన ప్రతి బండి. ఆమె బుద్ధిగా లేదు. ఎప్పుడు పంపిస్తానా అని ఎదురుచూస్తోంది. పోయే పిల్ల అన్నం దాచుకోదు, అలగదు, ఎవరినీ అమ్మా అనదు. వాడంతా నాకు మెచ్చుకోళ్ళు చెబుతుంటే ఆమె నా ఇంట్లో కూర్చుని బండి కోసం చూసింది. పైగా నేనే రైలెక్కించి తీసుకొచ్చాను, నా గొప్ప చూపించుకోవడానికి.

దీప దగ్గరికి పోయి కింద కూర్చుని, ఇంటికి పోదాం పట్టు అన్నాను. ఆమె నన్ను చూడలేదు. నిజమేనా అన్నట్టు గోరీని చూసింది. గోరీ వాళ్ళ భాషలో చెబితే సంచి తీసుకుంది.

రైల్లో మూడుసార్లు చెప్పాను, నిన్ను ఇయ్యడానికి రాలేదు బిడ్డా అని. మూడుసార్లూ తలాడించింది. ఒక్కసారి కూడా నమ్మలేదు.

కార్డు తెచ్చాను. అన్ని టీకాలూ సరిగ్గానే వేసి ఉన్నాయి.

నవంబర్ 30

ఆయనకు చెప్పాను. ఉత్తరం సంగతి కూడా. నాకెందుకు చెప్పలేదు అని మాత్రం అడిగాడు. సంచిలో బట్టలు పెట్టుకుని భూపాలపల్లి బస్సుకు పోతూ, గేటు దగ్గర ఆగి దీపతో, వచ్చే శనివారం వస్త బిడ్డా, నువ్వు ఈడనే ఉంటవ్ అన్నాడు. ఆమె తలాడించింది.

అత్తమ్మ ఏడ్చింది. దేవుని కాడ తీపిచ్చిన ఎంటికలకు పాపముంటదా అని నన్నే అడిగింది. పాపం దేవుడి దగ్గర లేదు. ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే గోరీ చెప్పేది. కార్డు ముక్క కోసం మానుకోట దాకా పోయాను, పిల్ల నెత్తి మీద కత్తి పెట్టించే ముందు ఒక్క మాట అడగలేదు.

నేను కూడా గుండు చేయించుకుందామా అనుకున్నాను. గుండైనా ఎవరూ ఎక్కడికీ పోరు, చూడు అని ఆమెకు చూపించడానికి. తర్వాత అనిపించింది, అది కూడా వాడంతా మెచ్చుకోవడానికే అవుతుంది.

అసలు సంగతి ఇంకా రాయలేదు. రాస్తున్నాను. ఆ ఇరవై రోజుల దీపే నాకు నచ్చింది. ఏమీ అడగని పిల్ల, అన్నం దాచని పిల్ల, ఆశ చంపుకుని కూర్చున్న పిల్ల. ఉత్తరం చించింది ప్రేమ పుట్టి కాదు, ఇబ్బంది తగ్గి.

డిసెంబర్ 1

రేపు శ్వేత మేడం వస్తుంది. చెప్పకు, పిల్లను తీసుకపోతరు అని అత్తమ్మ నాలుగుసార్లు అంది.

ఆ మాట నేను కూడా నలభైసార్లు అనుకున్నాను.

డిసెంబర్ 2

చెప్పాను. మూడు దెబ్బలు, ఉత్తరం, కురవి, చేతులు పట్టుకున్నది, మానుకోట. గుండ్రటి అక్షరాల నోట్‌బుక్కు ముందు పెట్టి, ఇందులో ఉన్నవన్నీ అబద్ధాలు మేడం అన్నాను. ఇన్నాళ్ళూ నోటితోనే ఉద్యోగం చేసినదాన్ని, మాట కోసం వెతుక్కున్నాను.

ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. ఇదంతా నేను రాయాల్సి ఉంటుంది నీరజ గారూ అంది. కలెక్టర్ ఆర్డర్ ఇప్పట్లో రాదు. ప్రతి వారం వచ్చి పాపతో విడిగా మాట్లాడతారు. హన్మకొండలో పిల్లల మనసు చూసే డాక్టర్ దగ్గరికి మేము ముగ్గురం పోవాలి. అప్పటికీ కాదనిపిస్తే పాపను ఇక్కడ ఉంచరు. రాయండి మేడం అన్నాను. ఆమె బండి స్టార్ట్ చేస్తుంటే దీప చెప్పులేసుకుని అరుగు మీదికి వచ్చింది. బండి వెళ్ళిపోయినా అక్కడే నిలబడింది.

పొద్దుగూకేటప్పుడు నేను పొయ్యి దగ్గర ఉంటే వచ్చి గడప మీద కూర్చుంది.

"నేనెప్పుడు పోవాలె?" అంది.

పోవుడు లేదు బిడ్డా అన్నాను. రేపు, అంది. లేదు. సోమారం, అంది. లేదు. మంగళారం. బుధారం. బేస్తారం. అన్నింటికీ లేదన్నాను. శుక్కురారం, శనారం, ఐతారం అయ్యాయి. మళ్ళీ సోమారం నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ అన్నింటికీ చెప్పాను. మూడోసారి మొదలుపెట్టింది. అన్నం పొంగుతోంది, గంజి పొయ్యి మీద కారుతోంది.

"లేదన్న గదనే, ఎన్నిసార్లు చెప్పాలె?"

నోరు జారిపోయింది. నా నోరు కాలిపోను. శ్వేత మేడం ముందు అన్నీ ఒప్పుకుని రెండు గంటలు కాలేదు.

దీప ముఖం ఎర్రబడింది. కింది పెదవి ముందుకు వచ్చింది. దిగ్గున లేచి, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ ముందు గదిలోకి పోయి గోడ వైపు తిరిగి కూర్చుంది. అన్నం తినమంటే తిననంది. అత్తమ్మ పిలిస్తే భుజం విదిలించింది. ఆయన ఫోన్లో పిలిస్తే ఫోన్ తోసేసింది.

పక్కన కూర్చుని బతిమాలాను.

"నువ్వు అరిచినవ్" అంది గోడతో.

అరిచిన, తప్పయింది అన్నాను.

"మల్ల అరుస్తవ్."

అరవను అని నోటి దాకా వచ్చింది. ఇంకో అబద్ధం. "అరుస్తనేమో. అరిచినా నిన్ను పంపియ్య" అన్నాను.

ఆమె ఇటు తిరగలేదు. ఇది ఆమె వెనకే కూర్చుని రాస్తున్నాను. పక్కన పళ్ళెంలో అన్నం చల్లారిపోయింది. అత్తమ్మ వచ్చి, ఆకలైతే అదే తింటది, నువ్వన్నా తిను అంది.

పిల్ల అలిగింది అత్తమ్మా, నేనెట్ల తింట అన్నాను.